వెయ్యి బాత్ నోటుకి చిల్లర ఎక్కడ?

ప్రశ్న: డిసెంబరులో మేం నలుగురం (నేను, మావారు, అబ్బాయి, కోడలు) హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, పటాయా వెళ్తున్నాం. ఆరు రోజుల ప్రయాణం. ఫారెక్స్ ఆఫీసులో అడిగితే వాళ్ళ దగ్గర అన్నీ వెయ్యి బాత్ నోట్లే ఉన్నాయన్నారు. పోయినేడు వెళ్ళొచ్చిన మా ఆడపడుచు వాళ్ళు కొబ్బరిబోండానికి వెయ్యి నోటు ఇస్తే బండావిడ విసుక్కుందట. ట్యాక్సీవాడైతే చిల్లర లేదని నూట యాభై బాత్‌లు తనే ఉంచేసుకున్నాడట. చెల్లే నోటుని కాదనే హక్కు వాళ్ళకుందా? చిల్లర ఎంత పెట్టుకోవాలి, ఎక్కడ దొరుకుతుంది? డాలర్లే చిన్న నోట్లుగా పట్టుకెళ్తే మేలా? వచ్చే వేసవిలో డాలస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్తాం, అక్కడా ఇదే తంతా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు హక్కు సంగతి. వెయ్యి బాత్ నోటు థాయ్‌లాండ్‌లో నిక్షేపంగా చెల్లుతుంది. అయితే చెల్లే నోటుకి చిల్లర కూడా ఇచ్చి తీరాలని బండి దగ్గర నిలబడి వాదించి లాభం లేదు. ఆవిడ అమ్మనంటే అక్కడితో బేరం ముగిసినట్టే. ఆవిడ ఎందుకు విసుక్కుందో లెక్క వేసి చూడండి. బోండం ధర యాభై అనుకుందాం. వెయ్యికి 950 తిరిగివ్వాలంటే ఒక ఐదువందలు, నాలుగు వందలు, ఒక యాభై కావాలి. పొద్దున్నే బండి తీసేటప్పుడు ఆవిడ డబ్బాలో ఉండే చిల్లర దాదాపు అంతే. మీకిచ్చేస్తే ఆ తర్వాత వంద నోటుతో వచ్చే పదిమందికీ ఇవ్వడానికి ఏమీ మిగలదు. బండి వదిలేసి పక్క దుకాణాలకి చిల్లర కోసం తిరగాలి, ఈలోపు బేరాలు పోతాయి. వెయ్యి బాత్‌లంటే మన డబ్బుల్లో రెండున్నర వేలకు పైమాటే. పొద్దున్నే చాయ్ బండి దగ్గర రెండువేల నోటు తీస్తే మన దగ్గర ఏం జరిగేదో మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడి సంతల్లోనూ బోణీ పట్టింపు ఉంది. తొలి బేరం డబ్బుని సరుకు మీద తాటిస్తూ పోయే అమ్మకందార్లు కనిపిస్తారు. ఆ వేళకి పెద్ద నోటుతో వెళ్ళకపోవడం మర్యాద కూడా.

కాబట్టి చేయాల్సింది ఒక్కటే. పెద్ద నోటు బండి దాకా రాకముందే, గల్లాపెట్టె నిండుగా ఉండే చోట దాన్ని విడగొట్టుకోవాలి. నోటు తీసేటప్పుడు ఈ కొలత పెట్టుకోండి: తిరిగి రావాల్సిన చిల్లర కొన్నదాని ధర కంటే ఎక్కువైతే కొనకముందే అడగాలి. యాభై బాత్‌ల వస్తువుకి వంద నోటు ఇబ్బంది లేదు. రెండొందల యాభై దాటితే ఐదువందల నోటు, ఐదువందలు దాటితేనే వెయ్యి నోటు. అంతకంటే చిన్న బేరాలకి వెయ్యి నోటు మాల్‌లోనో, ఒకే పేరుతో ఊరంతా ఉండే పెద్ద సంస్థల దుకాణంలోనో తప్ప బయటికి తీయకండి.

అక్కడ తిరిగే నోట్లు ఐదు రకాలు: 20 ఆకుపచ్చ, 50 నీలం, 100 ఎరుపు, 500 ఊదా, 1000 గోధుమ రంగు. నాణేలు 1, 2, 5, 10 బాత్‌లవి. పది బాత్ నాణెం రెండు లోహాలది, నడుమ పసుపు, చుట్టూ వెండి రంగు. రాగి రంగు సతాంగ్ (బాత్‌కి పైసల్లాంటివి) నాణేలు సూపర్‌మార్కెట్ చిల్లరలో తప్ప పెద్దగా కనపడవు. రంగు చూసి నోటు ఇవ్వకండి, అంకె చూసి ఇవ్వండి. 2020 డిసెంబరులో అక్కడి రాజుగారి పట్టాభిషేకం గుర్తుగా విడుదల చేసిన వంద నోటు రంగు వెయ్యి నోటుకి దగ్గరగా ఉండి స్థానికులే తికమకపడ్డారు. రాత్రి ట్యాక్సీలో గుడ్డి వెలుతురులో మామూలు నోట్లకీ అదే ప్రమాదం. 2022 నుంచి వచ్చిన పాలిమర్ ఇరవై నోట్లు కొత్తగా ఉంటే ఒకదానికొకటి అతుక్కుంటాయి. రెండు కలిపి ఇచ్చేస్తారు, వేలితో రుద్ది లెక్కపెట్టండి.

డాలర్ల విషయంలో మీ ఆలోచన సరిగ్గా తిరగబడాలి. డాలర్లతో మీరు అక్కడ బోండం కొనరు, వాటిని బాత్‌లుగా మార్చుకుంటారు. మార్చేచోట పెద్ద నోటుకే మంచి రేటు. బ్యాంకాక్ మనీ ఛేంజర్ల బోర్డు చూస్తే డాలరుకి ఒకటి కాదు, రెండు మూడు వరుసల రేట్లు ఉంటాయి: వంద, యాభై నోట్లకి ఒకటి, ఇరవై, పదులకి కాస్త తక్కువ, ఐదు, ఒకటి నోట్లకి ఇంకా తక్కువ. చిల్లరకి పనికొస్తాయని హైదరాబాద్‌లో ఐదు డాలర్ల నోట్లు అడిగి తీసుకుంటే నష్టం మీదే. 2013 అక్టోబరు నుంచి చలామణిలో ఉన్న, నిలువుగా నీలం పట్టీ ఉండే వంద డాలర్ల నోట్లే అడగండి. పెన్ను గీతలు, రబ్బరు స్టాంపు మరకలు, చిరుగులు, పిన్ను పొడిచిన రంధ్రాలు ఉన్న నోట్లు కౌంటరు దగ్గరే తిప్పి ఇచ్చేయండి. అక్కడి వాళ్ళు వాటిని వద్దంటారు, లేదా కోత పెడతారు. మడవకుండా కవరులో పెట్టుకోండి.

బాత్‌లు ఇక్కడే కొనాలా, డాలర్లు తీసుకెళ్ళి అక్కడ మార్చాలా అన్నది ఒక భాగహారంతో తేలిపోతుంది. వంద డాలర్లకి ఇక్కడ పన్నుతో సహా మీరు కట్టే రూపాయల్ని, అదే వంద డాలర్లకి బ్యాంకాక్‌లో వచ్చే బాత్‌లతో భాగించండి. ఉదాహరణకి తొమ్మిది వేల రూపాయలు కట్టి అక్కడ 3,200 బాత్‌లు పొందితే బాత్ మీకు 2 రూపాయల 81 పైసలు పడినట్టు. హైదరాబాద్ డీలరు అన్నీ కలుపుకుని అంతకంటే తక్కువకి ఇస్తే ఇక్కడే కొనండి. సాధారణంగా ఇవ్వరు. అందుకని దిగిన మొదటి రోజుకి సరిపడా బాత్‌లు ఇక్కడ, మిగతాది డాలర్లలో అనుకోవడం మంచిది. ఆ కొద్ది బాత్‌లైనా వందలు, ఐదువందలు కావాలని రెండు మూడు రోజుల ముందే చెప్పి పెట్టండి. కౌంటరు దగ్గర నిలబడి అడిగితే మీకు చెప్పిన జవాబే వస్తుంది, ముందే చెబితే వేరే బ్రాంచి నుంచైనా తెప్పిస్తారు. ఒక ప్రయాణానికి మనిషికి 3,000 డాలర్ల విలువ వరకే నగదు, మిగతాది ఫారెక్స్ కార్డులో. 50 వేల రూపాయలకు మించిన కొనుగోలుకి డీలరు నగదు తీసుకోడు, బ్యాంకు ద్వారా కట్టాలి. రసీదు దాచుకోండి.

ఇక దిగాక. సువర్ణభూమి విమానాశ్రయంలో సామాను పట్టాల దగ్గరా, బయటికొచ్చే హాల్లోనూ ఉండే బ్యాంకు కౌంటర్ల రేట్లు తక్కువ. అట్టడుగు అంతస్తులో, సిటీకి వెళ్ళే రైలు స్టేషన్ దగ్గర వరుసగా ఉండే ఛేంజర్ల దగ్గర రేటు మెరుగు. అర్ధరాత్రి దాటి దిగితే వాటిలో కొన్ని మూసి ఉంటాయి, ఇక్కణ్ణుంచి తెచ్చుకున్న బాత్‌లు అప్పుడు అక్కరకొస్తాయి. పాస్‌పోర్టు అసలుది చూపించాలి, జిరాక్సు పనికిరాదు. నోట్లు లెక్కపెట్టకముందే ఏ నోట్లు ఎన్ని కావాలో చెప్పండి, లేకపోతే అన్నీ వెయ్యిలే చేతిలో పెడతారు. "ఖో బెంగ్ యోయ్ ఖా" అంటే చిన్న నోట్లు ఇవ్వండని అడగడం (చివరి "ఖా" ఆడవాళ్ళు మర్యాదకి చేర్చేది, మగవాళ్ళయితే "ఖ్రాప్"). మాట తడబడుతుందనుకుంటే కాగితం మీద రాసి అద్దం కిందనుంచి ఇవ్వండి. 20,000 బాత్‌లు మారుస్తుంటే ఇలా అడగవచ్చు: వెయ్యి నోట్లు 12, ఐదువందలు 10, వందలు 25, ఇరవైలు 25. అన్నీ ఇవ్వకపోయినా సగం ఇస్తారు. నలుగురికి రోజుకి సుమారు 1,200 నుంచి 1,500 బాత్‌లు చిన్న నోట్లలో ఉంటే ఎక్కడా ఆగిపోరు.

ఏటీఎంలో తీసేటట్టయితే 10,000 అని నొక్కకండి, 9,900 నొక్కండి. పది వేలంటే పది వెయ్యి నోట్లు. 9,900 అంటే తొమ్మిది వెయ్యిలు, ఒక ఐదువందలు, నాలుగు వందలు వస్తాయి. చిల్లర కోసమని 900 మాత్రమే తీయడం దండగ. విదేశీ కార్డుకి అక్కడి బ్యాంకు ప్రతిసారీ 220 బాత్‌లో అంతకంటే ఎక్కువో తీసుకుంటుంది, ఎంత తీసినా అంతే. మీ కార్డు బ్యాంకు ఫీజు దానికి అదనం. తెర మీద రూపాయల్లో లెక్క చూపించి ఒప్పుకోమంటే వద్దని నొక్కి బాత్‌లలోనే తీయండి, రూపాయల లెక్కలో వాళ్ళ రేటు మీకు గిట్టదు. బయల్దేరే ముందు మన బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం, కార్డు తాకించి కట్టే సౌకర్యం రెండూ ఆన్ చేసుకోండి. మనవాళ్ళు వీటిని ఆపేసి ఇస్తారు.

తర్వాతి రోజుల్లో వెయ్యి నోటు విడగొట్టడానికి సులువైన చోటు సెవెన్ ఎలెవెన్. దేశంలో 14 వేలకు పైగా దుకాణాలున్నాయి, ప్రతి వీధి మలుపులోనూ ఒకటి కనిపిస్తుంది. నలుగురికీ నీళ్ళ సీసాలు, పాలు, పండ్లు కలిపి వంద దాటేలా కొని వెయ్యి ఇస్తే మారుమాట లేకుండా చిల్లర ఇస్తారు. పది బాత్‌ల సీసా ఒక్కటి కొన్నా ఇస్తారు కానీ, తెల్లవారుజామున గల్లా ఖాళీగా ఉన్నప్పుడు వాళ్ళకీ కష్టమే. మధ్యాహ్నమో సాయంత్రమో విడగొట్టి మర్నాటి పొద్దుటికి సిద్ధంగా ఉండండి.

ఇంకా మంచి చోటు మాల్‌లోని ఫుడ్‌కోర్టు. చాలాచోట్ల అక్కడ దుకాణంలో నేరుగా డబ్బు తీసుకోరు. ముందు కౌంటర్లో నగదు కట్టి ఒక కార్డు తీసుకోవాలి, అన్ని దుకాణాల్లోనూ ఆ కార్డే గీకుతారు. వెయ్యి ఇచ్చి కార్డులో వేయించుకోండి. నలుగురు తిని మూడు నాలుగొందలు ఖర్చయితే, మిగిలింది వెళ్ళేముందు అదే కౌంటర్లో వందలు, ఇరవైలు, నాణేలుగా తిరిగొస్తుంది. అదే రోజు తీసేసుకోండి, కార్డు జేబులో వేసుకుని బయటికి వచ్చేయకండి. వెయ్యి నోట్లు నేరుగా ఖర్చుపెట్టే చోట్లూ ఉన్నాయి. గ్రాండ్ ప్యాలెస్ ప్రవేశం విదేశీయులకి మనిషికి 500 బాత్‌లు, నలుగురికి సరిగ్గా రెండు వెయ్యి నోట్లు. హోటల్ డిపాజిట్, పెద్ద రెస్టారెంటు బిల్లు, సూపర్‌మార్కెట్ కూడా అంతే.

చిల్లర లేకపోతే నిజంగా అవస్థ పడేది బండ్లెక్కినప్పుడు. బ్యాంకాక్ సిటీ బస్సులో కండక్టరు చేతిలో పొడవాటి గుండ్రని రేకు డబ్బా ఉంటుంది. టికెట్లూ చిల్లరా అందులోనే, దాన్ని టకటకలాడించుకుంటూ వస్తుంది. ఆ డబ్బాలోంచి వెయ్యికి చిల్లర ఆశించకండి. కాలవ పడవల్లో కూడా అంతే, పడవ అంచు పట్టుకుని నడిచే మనిషికి నాణేలో ఇరవై నోటో ఇవ్వాలి. బీటీఎస్ (రోడ్లపైన వంతెనల మీద నడిచే సిటీ రైలు) టికెట్ యంత్రాల్లో కొన్ని నాణేలే తీసుకుంటాయి, అయితే పక్కనే ఉన్న కౌంటర్లో నోటిస్తే నాణేలు ఇస్తారు. భూగర్భ మెట్రో నీలం లైనులో వీసా, మాస్టర్‌కార్డ్ గేటుకి తాకించి వెళ్ళిపోవచ్చు, ఒక్కో మనిషికి ఒక్కో కార్డు కావాలి.

పటాయాలో సాంగ్‌తేవ్‌లు, అంటే వెనక రెండు బల్లలు వేసిన పికప్ బండ్లు, ఒకే దారిలో తిరుగుతుంటాయి. ఎక్కేటప్పుడు ఎంత అని అడిగారంటే బండి మొత్తం మాట్లాడుకుంటున్నారనుకుని ధర పెంచేస్తారు. మాట్లాడకుండా ఎక్కి, దిగే చోట గంట నొక్కి, దిగి డ్రైవరు కిటికీ దగ్గర సరిపడా నాణేలో ఇరవై నోట్లో ఇచ్చి నడిచిపోవాలి. వెనక హారన్లు మోగుతుంటే వెయ్యి నోటు పట్టుకుని నిలబడితే బేరం మీ చేయి దాటిపోతుంది. కోరల్ ఐలాండ్‌కి బాలీహాయ్ రేవు నుంచి జనం పడవ మనిషికి 30 బాత్‌లు. ఒక వంద, ఒక ఇరవై ముందే విడిగా పెట్టుకోండి. సంతల్లో, బస్‌స్టాండుల్లో మరుగుదొడ్లకి చిల్లర నాణేలు, నాణేలతో నడిచే బట్టలుతికే యంత్రాలకి పది బాత్ నాణేలు కావాలి. పది బాత్ నాణేలు ఓ పదిహేను ఎప్పుడూ సంచిలో ఉంచండి.

మీ ఆడపడుచుగారికి జరిగిన ట్యాక్సీ వ్యవహారం ఎక్కే ముందే ఆపగలిగింది. డ్రైవరు దగ్గర నిజంగానే చిల్లర ఉండకపోవచ్చు, ఉన్నా లేదనవచ్చు, రెండింటికీ మందు ఒకటే. తలుపు తీసే ముందు వెయ్యి నోటు చూపించి "మీ థోన్ మై ఖా?" అనండి. చిల్లర ఉందా అని అడగడం. "మై మీ థోన్" అంటే లేదని. లేదంటే దారిలో సెవెన్ ఎలెవెన్ దగ్గర ఆపమనండి, లేదా ఇంకో బండి చూసుకోండి. బ్యాంకాక్ మీటరు 35 బాత్‌లతో మొదలవుతుంది, పెద్ద బండికి 40. విమానాశ్రయం వరుసలో ఎక్కితే పైన 50. ఎక్స్‌ప్రెస్ దారి టోలు ప్రయాణికులే కట్టాలి, గేటు దగ్గర డ్రైవరు చెయ్యి చాపుతాడు. టోలు కోసం వందలు, యాభైలు చేతిలో ఉంచుకోండి. అసలు వెయ్యి నోటు విడగొట్టడానికి టోలు గేటూ పనికొస్తుంది, అక్కడి గల్లాలో చిల్లర ఉంటుంది. మీటరు 285 చూపిస్తే పైన 50 కలిపి 335, దాన్ని 340 చేసి ఇవ్వడం అక్కడి పద్ధతి. అంతకు మించి వదులుకోనక్కర్లేదు. దిగాక చిల్లర లేదంటే కొట్లాట వద్దు. సామాను అంతా దింపుకుని ఒకరు బండి దగ్గర ఉండండి, ఇంకొకరు నోటు తీసుకుని హోటల్ రిసెప్షన్‌కి వెళ్ళండి. వాళ్ళకిది రోజూ ఉండే పని, నిమిషంలో మార్చి ఇస్తారు.

వీధి బండి దగ్గర తిన్నాక చిల్లర లేదని తేలితే కూడా ఇంతే. బండావిడ పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళి తెచ్చేదాకా నవ్వుతూ కూర్చోండి. నోటు ఆవిడ చేతికిచ్చి పంపుతున్నప్పుడు మీలో ఒకరు అక్కడే ఉండాలి.

చెయ్యి మారేటప్పుడు జాగ్రత్తలు. వెయ్యి నోటు మడతపెట్టి ఇవ్వకండి. విప్పి, అవతలి మనిషి చూసేలా పట్టుకుని, "వన్ థౌజండ్" అని పైకి అని ఇవ్వండి. మీరిచ్చింది వందే అని తర్వాత అనడానికి వీలుండదు. చిల్లర రెండు విడతలుగా వస్తుంది, ముందు నాణేలు, చిన్న నోట్లు, కాస్త ఆగి పెద్ద నోట్లు. మొదటి విడత పర్సులో వేసుకుని వెనక్కి తిరిగారంటే రెండో విడత రాకపోవచ్చు. అరచెయ్యి తెరిచే ఉంచండి, అక్కడే లెక్కపెట్టండి. పర్సులో ఒక అరలో వెయ్యిలు, ఐదువందలు, బయటి అరలో వందలు, ఇరవైలు ఉంటే బండి దగ్గర కట్టంతా విప్పి చూపించాల్సిన పని పడదు. ఇంకొకటి, పిల్లలకీ చెప్పండి: ప్రతి నోటు మీదా రాజుగారి బొమ్మ ఉంటుంది. గాలికెగిరిన నోటుని కాలితో తొక్కి ఆపడం అక్కడ ఘోరమైన అపచారం, చట్టం దాకా పోగల విషయం. వంగి చేత్తోనే తీసుకోవాలి.

వీధి బండ్ల మీద కూడా క్యూఆర్ కోడ్ అట్టలు వేలాడుతూ కనిపిస్తాయి. అవి ప్రధానంగా అక్కడి బ్యాంకు ఖాతాల వాళ్ళ కోసం. వాటిని చూసి మన యూపీఐతో కట్టేయవచ్చనుకుని చిల్లర మానేయకండి.

డాలస్ సంగతి కొంచెం వేరు. అక్కడ చాలావరకు కార్డుతోనే నడిచిపోతుంది. వంద డాలర్ల నోటు సూపర్‌మార్కెట్లలో ఇబ్బంది లేదు, కాకపోతే క్యాషియరు వెలుతురుకి ఎత్తి చూస్తాడు, ప్రత్యేకమైన పెన్నుతో గీసి చూస్తాడు, నొచ్చుకోకండి. పెట్రోలు బంకులు, చిన్న దుకాణాలు ఇరవై డాలర్లకు మించిన నోటు తీసుకోమని బోర్డు పెట్టవచ్చు. అది వాళ్ళ ఇష్టమని, ప్రైవేటు వ్యాపారి నగదు తీసుకుని తీరాలన్న కేంద్ర చట్టమేదీ లేదని అమెరికా ట్రెజరీయే చెబుతుంది. సిటీ బస్సులో డబ్బాలో వేసిన నోటుకి చిల్లర రాదు. వెళ్ళిన వారంలోనే అమ్మాయితో కలిసి వాళ్ళ బ్యాంకు బ్రాంచికి వెళ్ళి మూడు నాలుగు వందలు ఇరవైలు, ఐదులుగా మార్చుకోండి.

థాయ్‌లాండ్ నుంచి తిరిగొచ్చే ముందు చివరి రెండు రోజులు మాత్రం పద్ధతి తిరగేయండి. అప్పటిదాకా జాగ్రత్తగా కాపాడుకున్న చిల్లరే ముందు ఖర్చుపెట్టాలి, వెయ్యి నోట్లు ముట్టుకోకూడదు. నాణేలని మనీ ఛేంజర్లు వెనక్కి తీసుకోరు. ఇరవై, యాభై నోట్లు హైదరాబాద్‌లో తీసుకున్నా రేటు తగ్గిస్తారు. వెయ్యి నోట్లకైతే ఏ డీలరూ అభ్యంతరం చెప్పడు. సెవెన్ ఎలెవెన్‌లో నాణేలన్నీ కౌంటరు మీద పోసి, తక్కువ పడినంతకే నోటు కలపండి, వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. మిగిలిన విదేశీ నోట్లు అన్నీ కలిపి 2,000 డాలర్ల విలువ లోపు ఉంటే తర్వాతి ప్రయాణానికి ఇంట్లో దాచుకోవచ్చు, అంతకు మించింది 180 రోజుల్లో బ్యాంకుకో డీలరుకో అమ్మేయాలి. నాణేలకి ఆ పరిమితి లేదు.